నోరులేని సినిమా, నోరున్న గుర్రం



రేడియోలో సినిమా గురించి మాట్లాడడం కొత్తేమీ కాదు. ఒక పాట వేసి, నాలుగు డైలాగులు వినిపిస్తే సగం సినిమా మీ కళ్లముందుకు వచ్చేస్తుంది. ఇవాళ నేను చెప్పబోయే సినిమాలో వినిపించడానికి ఏమీ లేదు. పాట లేదు, మాట లేదు, డెక్కల చప్పుడైనా లేదు. 1921లో అమెరికాలో వైటాగ్రాఫ్ కంపెనీ తీసిన మూకీ అది. పేరు ‘బ్లాక్ బ్యూటీ’. కథానాయకుడు ఒక నల్లగుర్రం.

జంతువుల్ని మనం మూగజీవాలంటాం. మాటల్లేని సినిమాని మూకీ అంటాం. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకుని చూసిన రోజునుంచీ ఈ సినిమా నా మనసులోంచి పోవడం లేదు. ఎందుకంటే, ఆ సినిమాకి ఆధారమైన నవలలో గుర్రం మూగది కాదు. మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా కథ చెప్పేది అదే. తల్లి పాలు తాగిన పచ్చికబయలు గురించి, మొదటిసారి నోట్లో ఇనపకడ్డీ పెట్టినప్పటి బాధ గురించి, మంచి యజమాని గురించి, చెడ్డ యజమాని గురించి అన్నీ అదే చెబుతుంది. గుర్రాల భాషలోంచి చేసిన అనువాదం ఇది అని పుస్తకం ముఖపత్రం మీదే అచ్చు వేశారు. అంత చక్కగా మాట్లాడే గుర్రాన్ని, మనుషులకే మాటల్లేని తెరమీదికి తీసుకొచ్చారు. తెచ్చినప్పుడు దాని మాట ఏమైంది? ఇవాళ మీతో చెప్పుకోవాలనుకున్నది అదే.

ముందు ఆ నవల రాసినామె గురించి చెప్పాలి. ఆమె పేరు ఆనా సూవెల్. 1820 మార్చి 30న ఇంగ్లండ్ తూర్పు తీరంలో, నార్ఫోక్ ప్రాంతపు గ్రేట్ యార్మత్ పట్నంలో పుట్టింది. క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ల కుటుంబం. ఆడంబరం లేకుండా, ఎవరికీ హాని తలపెట్టకుండా బతకాలన్నది వాళ్ల నియమం. తల్లి మేరీ సూవెల్ పిల్లలకీ కష్టజీవులకీ అర్థమయ్యే తేలికమాటల్లో పద్యకథలు రాసి పేరు తెచ్చుకున్నావిడ. ఆనాకి పద్నాలుగేళ్లప్పుడు, వానలో బడినుంచి ఇంటికొస్తూ జారిపడింది. రెండు చీలమండలూ దెబ్బతిన్నాయి. ఆ పడడం పడడం, మళ్లీ బతికినన్నాళ్లూ సరిగా నడవలేదు. ఎక్కడికి వెళ్లాలన్నా గుర్రబ్బండే. తండ్రిని రైలు స్టేషన్‌లో దింపి రావడానికీ, తీసుకు రావడానికీ తనే బండి తోలుకుంటూ వెళ్లేది. ఆమె బండి తోలే తీరు చూసినవాళ్లు ఒక సంగతి రాసిపెట్టారు. పగ్గాలు వదులుగా పట్టుకుని, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టే గుర్రంతో మాట్లాడుతూ తోలేదట.

కాళ్లున్నవాళ్లకి గుర్రం ఒక వాహనం. ఆమెకి అది కాళ్లే. ఎక్కడ రాయి గుచ్చుకుంటుందో, ఎక్కడ ఎగుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆయాసం వస్తుందో ఆమెకి గుర్రం ద్వారానే తెలిసేది. గుర్రం గొంతుతో కథ రాయాలని ఆమెకే ఎందుకు తోచిందో ఊహించడం కష్టం కాదు.

1871లో మొదలుపెట్టింది. అప్పటికే జబ్బు ముదిరి మంచానికీ సోఫాకీ అంకితమైపోయింది. ఒంట్లో కాస్త ఓపిక ఉన్న రోజున చిన్న చిన్న కాగితం ముక్కలమీద పెన్సిలుతో నాలుగు వాక్యాలు రాస్తే, తల్లి వాటిని తీసుకుని శుభ్రంగా తిరగరాసేది. అలా ఆరేళ్లు పట్టింది. 1877 నవంబరులో నారిచ్ నగరంలోని జారల్డ్ సంస్థ అచ్చువేసింది. ఈ పుస్తకం ఇప్పుడు పిల్లల అలమరలో ఉంటుంది గానీ ఆమె రాసింది పిల్లలకోసం కాదు. బండివాళ్లు, గుర్రపుశాలల్లో పనిచేసే కుర్రాళ్లు చదవాలని రాసింది. గుర్రాన్ని అర్థం చేసుకుని, దయగా చూడడం వాళ్లకి అలవాటు కావాలని రాసింది. అచ్చయిన ఐదు నెలలకే, 1878 ఏప్రిల్ 25న కన్నుమూసింది.

ఇక్కడ ఒక్క తేదీ గుర్తుపెట్టుకోండి. ఆమె పోయిన 55వ రోజున, అంటే 1878 జూన్ 19న, భూగోళానికి అవతలి పక్క కాలిఫోర్నియాలో ఈడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ ఒక పరుగుబాట పక్కన 12 కెమెరాలు వరసగా నిలబెట్టాడు. బాటకి అడ్డంగా సన్నని తీగలు కట్టాడు. శాలీ గార్డ్‌నర్ అనే ఆడగుర్రం పరిగెత్తుకుంటూ వచ్చి ఒక్కో తీగనీ తాకుతుంటే ఒక్కో కెమెరా కన్ను తెరుచుకుని మూసుకుంది. దౌడు తీసే గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి నేలని వదులుతాయా లేదా అన్నది అప్పట్లో పెద్ద తగవు. ఫొటోలు కడిగి చూస్తే వదులుతాయని తేలింది. అదీ చిత్రకారులు గీసినట్టు కాళ్లు బార్లా చాపినప్పుడు కాదు, నాలుగూ పొట్టకిందికి ముడుచుకున్నప్పుడు. వేల ఏళ్లుగా మనిషి ఎక్కి తిరుగుతున్న జంతువు ఎలా పరిగెడుతుందో మనిషి కంటికి ఆ రోజుదాకా దొరకలేదు. సినిమా పుట్టుక గురించి రాసే పుస్తకాలు చాలావరకు ఈ 12 ఫొటోలతోనే మొదలవుతాయి. అంటే సినిమాకి తొలి నటి గుర్రం. గుర్రానికి మాట ఇచ్చినామె వెళ్లిపోయిన రెండు నెలల్లోపే గుర్రానికి బొమ్మలో కదలిక వచ్చింది. ఆ మాటా ఈ కదలికా కలుసుకోవడానికి మరో 43 ఏళ్లు పట్టింది.

వైటాగ్రాఫ్ అంటే ఆ రోజుల్లో చిన్న సంస్థ కాదు. 1897లో స్టువర్ట్ బ్లాక్టన్, ఆల్బర్ట్ స్మిత్ అనే ఇద్దరు మిత్రులు న్యూయార్కులో పెట్టారు. ‘బ్లాక్ బ్యూటీ’కి దర్శకుడు డేవిడ్ స్మిత్, ఆ ఆల్బర్ట్ స్మిత్ తోడబుట్టినవాడు. కథానాయిక జీన్ పేజ్, ఆల్బర్ట్ స్మిత్ భార్య. నాయకుడు జేమ్స్ మోరిసన్, ఆ కంపెనీలోనే ఎదిగిన నటుడు. ఒకరకంగా ఇంటిల్లిపాదీ కలిసి తీసిన సినిమా. నిడివి ఏడు రీళ్లు. రీలుకి వెయ్యి అడుగుల లెక్కన, అప్పటి వేగంతో ఆడిస్తే దాదాపు గంటన్నర బొమ్మ.

ఇప్పుడు ఆ దర్శకుడి చోట మిమ్మల్ని మీరు ఊహించుకోండి. చేతిలో ఉన్న నవలలో గుర్రం చూసిందే కథ. యజమాని ఇంటి గదుల్లో ఏం జరిగిందో దానికి తెలియదు. ఎందుకు అమ్మేశారో తెలియదు. ఎవరు పోయారో, ఎవరు పెళ్లాడారో, బండిలో కూర్చున్నవాళ్లు మాట్లాడుకుంటే చెవినిబడ్డ ముక్కే తప్ప తెలియదు. పనివాళ్ల పిల్లలకి లోకం ఎలా తెలుస్తుందో, దానికీ అలాగే తెలుస్తుంది. తలుపు అవతలినుంచి, కిటికీ ఇవతలినుంచి. నవల బలమంతా ఆ తెలియకపోవడంలోనే ఉంది. ఒక పొద్దున్నే కొత్త మనిషి వచ్చి తాడు పట్టుకుని నడిపించుకుపోతాడు. అంతే. పాత ఇల్లు, పాత స్నేహాలు, పాత గాటిపాక అన్నీ అక్కడితో సరి. ఎందుకని అడగడానికి లేదు.

వైటాగ్రాఫ్ వాళ్లు ఈ తెలియకపోవడాన్ని భరించలేకపోయారు. జార్జ్ రాండల్ఫ్ చెస్టర్, లిలియన్ చెస్టర్ అని రచయితలైన భార్యాభర్తలు కంపెనీలో ఉంటే, వాళ్లచేత గుర్రపుశాల బయటి కథ ఒకటి కొత్తగా రాయించారు. నవలలో జమీందారు గోర్డన్ గారి అమ్మాయిలు చిన్నపిల్లలు, కథలో వాళ్లకి పెద్ద పని లేదు. సినిమాలో జెస్సీ గోర్డన్ కథానాయిక అయింది. ఆమెని ప్రేమించే హ్యారీ బ్లూమ్‌ఫీల్డ్ వచ్చాడు. వాళ్లకి అడ్డుపడడానికి జాక్ బెకెట్ అనే దుర్మార్గుడు వచ్చాడు. శాలలోపల సూవెల్ గారి కథ, శాలబయట చెస్టర్ దంపతుల కథ, రెండూ పేనుకుంటూ ఏడు రీళ్లు నడిపారు.

నాకిది నచ్చలేదని దాచుకోకుండా చెబుతాను. ఎందుకు చేశారో మాత్రం అర్థమవుతుంది. టికెట్టు కొన్న మనిషి తెరమీద మనుషుల్ని చూడాలనుకుంటాడు. ప్రేమ ఉండాలి, పగ ఉండాలి, చివర్లో ఊపిరి బిగబట్టి చూసే ఘట్టం ఉండాలి. గుర్రం ఒక్కటే గంటన్నర బొమ్మని మోయగలదని నమ్మే ధైర్యం 1921లో ఏ నిర్మాతకీ ఉండదు. మన నిర్మాతలకి మాత్రం ఇప్పుడుందా? కానీ నా బాధ వేరు. మూకీలో మనిషికీ మాట లేదు, గుర్రానికీ మాట లేదు. లోకంలో ఇంకెక్కడా దొరకని సమానత్వం అది. మనిషి బాధ మొహంలో చూపించాలి, గుర్రం బాధా మొహంలోనే చూపించాలి. చెవులు ముందుకి నిక్కితే ఏదో విన్నదని, వెనక్కి చదునుగా అతుక్కుంటే కోపమని, ముక్కుపుటాలు వెడల్పయితే బెదిరిందని, కింది పెదవి వేలాడితే అలసి నిద్రలోకి జారుతున్నదని, గుర్రాలతో పనిచేసేవాడికి అక్షరాలు చదివినంత తేలిక. ఏ వాక్యమూ రాయకుండా ప్రేక్షకుడికి ఆ భాష నేర్పే అవకాశం ఆ ఒక్క కాలానికే ఉంది. తర్వాత టాకీ వచ్చింది, మనిషి మాట్లాడడం మొదలుపెట్టాడు, గుర్రం మళ్లీ మూగదైపోయింది.

అప్పటి ఫిలిం గురించి కూడా ఒక మాట చెప్పాలి. నలుపు తెలుపు అంటాం గానీ, ఆ రోజుల్లో వాడిన ఫిలిం అన్ని రంగుల్నీ ఒకేలా చూడదు. నీలం దానికి తెలుపు కిందే లెక్క. ఎరుపు అసలు కనబడదు, నల్లగా పడిపోతుంది. ఆకాశం వెలవెలబోయేది, ఎర్రటి పెదవులు మసిబారేవి. ఇప్పుడు నవలలోకి వెళ్లండి. బ్యూటీ నల్లగుర్రం. దాని నేస్తం జింజర్ ఎర్రగోధుమ రంగు ఆడగుర్రం. ఆ పేరు మాత్రం రంగుని బట్టి కాదు, కరిచే అలవాటుని బట్టి వచ్చింది. ఎర్రని ఒంటిని ఆ ఫిలిం చాలా ముదురుగా పడేస్తుంది. పక్కపక్కన నిలబెడితే ఏది ఎవరో పోల్చుకోవాలంటే బ్యూటీ నుదుటిమీది తెల్లని చుక్కే దిక్కు. నవలలో సూవెల్ ఆ చుక్కని ఊరికే పెట్టలేదు. నుదుట నక్షత్రం లాంటి మచ్చ, ఒక కాలికి తెలుపు అని మొదట్లోనే చెప్పింది. ఆ గుర్తుల మాట చివర్లో మళ్లీ వస్తుంది.

ఇప్పుడు మీరు నాకోసం ఒక చిన్న పని చేయాలి. కూర్చున్నచోటే గడ్డం పైకెత్తండి. పైకప్పు కేసి చూడండి. మెడ వెనక పట్టేసేదాకా ఎత్తండి. నేను చెప్పేదాకా దించకండి. ఆ రోజుల్లో ఇంగ్లండులో దొరల బండ్లకి కట్టే గుర్రాలకి ఒక అదనపు పగ్గం ఉండేది. నోట్లో ఇనపకడ్డీ నుంచి మొదలై, తలమీదుగా వెళ్లి, వీపుమీది పట్టీకి కొక్కెంతో తగులుకునేది. దాన్ని ఒక్కో బెజ్జం బిగించినకొద్దీ గుర్రం తల పైకి లేస్తుంది. దించడానికి వీలుండదు. ఎందుకంటే, తలెత్తుకు నిలబడ్డ గుర్రాలు వీధిలో దర్జాగా కనబడతాయి. అదే కారణం, ఇంకోటి లేదు. బరువు లాగే ఏ జంతువైనా ఎగుడు వచ్చినప్పుడు తల దించి, ఒంటి బరువంతా ముందుకు వేసి లాగుతుంది. మన ఎద్దుల్ని చూడండి, కాడికింద మెడ ఎలా వంచుతాయో. ఈ పగ్గం బిగించిన గుర్రం ఆ పని చేయలేదు. వెనక్కి విరిగిన మెడతో, కాళ్ల నరాలమీదే బండిని లాగాలి. గాలి సరిగా ఆడదు. నోరు కోసుకుపోతుంది. తెల్లని నురుగు ఛాతీమీద పడుతుంది. ఆ నురుగు చూసి చాలా హుషారైన గుర్రం అనుకునేవాళ్లట దారినపోయేవాళ్లు.

ఇక దించండి. నిమిషమైనా పట్టి ఉండదు. నవలలో బ్యూటీ, జింజర్ ఎర్ల్‌షాల్ ఎస్టేటు దొరసాని బండికి గంటల తరబడి అలా నిలబడేవి. రోజుకో బెజ్జం బిగించమని దొరసాని ఆజ్ఞ. ఒకరోజు జింజర్ ఇక ఓర్చుకోలేక ఎదురుతిరిగి తన్ని, బండి నొగమీదుగా కాళ్లు విసిరి కిందపడుతుంది. దాన్ని పొగరుబోతు గుర్రం అంటారు. తర్వాత ఎన్నో చేతులు మారి, లండన్ అద్దెబండ్లలో అరిగి అరిగి, చావు వస్తే బాగుండునని నేస్తానికి చెప్పుకుంటుంది. ఆ తర్వాత ఒకరోజు చచ్చిన ఎర్రగుర్రాన్ని వేసుకుని ఒక బండి బ్యూటీ ముందునుంచి పోతుంది. అది జింజరేనని బ్యూటీకి అనిపిస్తుంది. జింజరే అయితే బాగుండునని కోరుకుంటుంది, దాని కష్టాలు గట్టెక్కాయి కదా అని. పిల్లల పుస్తకం అనుకుని చేతికిచ్చిన పుస్తకంలో ఇంత బరువైన పేజీ ఇంకోటి నేను చదవలేదు.

ఆనా సూవెల్ శవయాత్రకి తెచ్చిన గుర్రాలకి కూడా ఆ పగ్గాలు బిగించే ఉన్నాయట. తల్లి కిటికీలోంచి చూసి, బయటికొచ్చి, వాటన్నిటినీ విప్పించాకే బండ్లు కదలనిచ్చిందని చెబుతారు. నారిచ్ దగ్గర లామాస్ అనే పల్లెలో, క్వేకర్ల శ్మశానంలో ఆమెని ఖననం చేశారు. దారంతా ఆ గుర్రాలు తల వంచుకునే నడిచి ఉంటాయి.

నవలని అమెరికాలో ఊరూరా చేర్చినవాడు జార్జ్ ఏంజెల్ అనే బోస్టన్ లాయరు. జంతుహింస నివారణకోసం అక్కడ సంఘం పెట్టినవాడు. బానిసత్వం మీద జనం మనసు మార్చిన ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’ ఎలాంటిదో గుర్రాలకి ఈ పుస్తకం అలాంటిదని చాటుతూ 1890లో అచ్చువేసి, బండి తోలేవాళ్లకి పంచిపెట్టించాడు. కాబట్టి 1921లో థియేటర్లకి వచ్చిన అమెరికన్లలో చాలామందికి కథ ముందే తెలుసు. పైగా ప్రపంచయుద్ధం ముగిసి రెండేళ్లు దాటింది. లక్షలాది గుర్రాలు ఫ్రాన్సు బురదలో పోయాయి. ఇంటి దగ్గరేమో వీధుల్లోకి ఫోర్డు కార్లు వచ్చేస్తున్నాయి. తాము వదిలేస్తున్న జంతువుని తెరమీద చూసుకుంటున్నారు వాళ్లు.

సూవెల్‌లో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఒకటుంది. ఆమె బండివాడిని రాక్షసుణ్ణి చేయలేదు. లండన్ భాగంలో సీడీ శామ్ అని ఒక అద్దెబండివాడు వస్తాడు. గుర్రాల్ని మరీ అరగదోలుతున్నావని తోటివాళ్లు నిలదీస్తే అతను తన లెక్క చెబుతాడు. బండికీ గుర్రాలకీ రోజుకి 18 షిల్లింగులు యజమానికి కట్టాలి. అది గిట్టాకే తనకి ఒక పెన్నీ అయినా. ఇంట్లో పెళ్లాం పిల్లలు. గుర్రం అలిసిందని ఆగితే వాళ్లకి తిండి లేదు. కొన్ని పేజీల తర్వాత ఆ శామ్ చచ్చిపోయాడని తెలుస్తుంది. గుర్రాన్ని తోలేవాడినీ ఎవరో తోలుతున్నారన్న సంగతి ఆమెకి తెలుసు.

ఇది చదివినప్పుడల్లా నాకు మా తెనాలి స్టేషన్ బయటి జట్కాలు గుర్తొస్తాయి. మా తాతగారితో రైలు దిగితే ఎప్పుడూ ఒకే జట్కా సాయిబు దగ్గరికి వెళ్లేవాళ్లం. జట్కా రెండు చక్రాల బండి. ఎక్కినవాళ్లు వెనక్కి ఒరిగితే బండి నొగలు పైకి లేచి, పొట్టకింది పట్టీ గుర్రాన్ని లాగుతుంది. ముందుకి ఒరిగితే ఆ బరువంతా దాని వీపుమీదే. అందరం ఎక్కాక సాయిబు బండి ముందు నిలబడి, ఒక కన్ను మూసి చూసేవాడు. “పెద్దాయనా, మీరో జానెడు ముందుకి. అమ్మా, సంచి ఇటివ్వండి, నా కాళ్లదగ్గర పెడతా. చిన్నబాబూ, మధ్యలోకి రావాలి నువ్వు,” అంటూ త్రాసులో తూకం సరిచూసినట్టు మమ్మల్ని సర్దేవాడు. అంతా సరిపోయాక గుర్రం మెడ తట్టి అప్పుడు ఎక్కేవాడు. దిగాక నా అరచేతిలో నాలుగు ఉలవగుగ్గిళ్లు పెట్టి, వేళ్లు ముడవకుండా చెయ్యి చాపమనేవాడు. ఆ పెదవుల మెత్తదనం, లోపలినుంచి వచ్చే వేడిగాలి, చేతికి ఒక్క పన్నయినా తగలకుండా గింజలన్నీ ఏరుకునే నేర్పు నాకు ఇప్పటికీ అరచేతిలో తెలుస్తుంది. సూవెల్ నవలలో జెర్రీ బార్కర్ అనే మంచి అద్దెబండివాడు ఉన్నాడు. ఎక్కువ డబ్బిస్తామన్నా ఆదివారం బండి కట్టడు, గుర్రానికీ తనకీ ఒకరోజు విశ్రాంతి ఉండాలంటాడు. జెర్రీని చదువుతుంటే నా కళ్లకి ఆ సాయిబే కనబడతాడు.

సినిమా గురించి చెబుతూ కష్టమైన సంగతి దాటేయడం న్యాయం కాదు. గుర్రాలమీద దయ చూపమనే కథ తెరకెక్కిన కాలంలోనే, తెరకోసం గుర్రాల్ని చంపడమూ జరిగింది. ముందుకాళ్లకి తీగలు కట్టి, దౌడు తీస్తున్నప్పుడు ఒక్కసారి లాగి పడేయడం హాలీవుడ్డులో మామూలు పద్ధతి. 1925లో వచ్చిన ‘బెన్ హర్’ మూకీలో రథాల పందెం తీస్తున్నప్పుడు పలు గుర్రాలు చచ్చిపోయాయి. 1939లో వచ్చిన ‘జెస్సీ జేమ్స్’ కోసం ఒక గుర్రాన్ని ఎత్తైన కొండ అంచునుంచి నీళ్లలోకి దూకించారు. అది బతకలేదు. దానిమీద జనం గగ్గోలు పెట్టాకే, 1940 నుంచి అమెరికన్ హ్యుమేన్ సంఘం వాళ్లు షూటింగుల్లో జంతువుల్ని ఎలా చూస్తున్నారో పరిశీలించడం మొదలైంది. ఇవాళ తెలుగు సినిమా మొదలయ్యే ముందు, జంతువులకు ఎలాంటి హానీ చేయలేదని తెరమీద ఒక కార్డు పడుతుంది చూడండి. మన దగ్గర దానికి 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, దాని కింద వచ్చిన నియమాలు ఆధారం. ఆ కార్డు పడేటప్పుడు మనం పాప్‌కార్న్ సర్దుకుంటూ ఉంటాం. ఈసారి ఒక్కక్షణం చదవండి. దాని వెనక ఆ కొండ అంచు ఉంది.

1921 అనగానే తెలుగువాళ్లకి ఇంకో సినిమా గుర్తుకు రావాలి. మద్రాసులో రఘుపతి వెంకయ్య గారు, వారి అబ్బాయి ప్రకాష్ కలిసి ‘భీష్మప్రతిజ్ఞ’ తీసింది ఆ ఏడే. మన తొలి మూకీ. దాని ప్రింటు ఎక్కడా మిగల్లేదు. ‘బ్లాక్ బ్యూటీ’కి కాస్త అదృష్టం ఉంది గానీ అది కూడా పూర్తిగా దక్కలేదు. కొన్ని రీళ్లు మాత్రం అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం చేతిలో ఉన్నాయి. అప్పటి నైట్రేట్ ఫిలిం తేలిగ్గా అంటుకునేది, అంటుకోకపోతే తనంతట తనే జిగురుగా మారి, పొడిగా రాలిపోయేది. మన ఊళ్లలో మూకీలు ఆడినప్పుడు తెరపక్కన ఒక మనిషి నిలబడి, తెరమీది అక్షరాలు చదివి, కథ చెబుతూ ఉండేవాడు. చదువురానివాళ్లకి ఆయన గొంతే సినిమా. బండివాళ్లూ శాల కుర్రాళ్లూ వినాలని కాగితం ముక్కలమీద రాసుకున్న సూవెల్‌కి అలాంటి మనిషి దొరికి ఉంటే ఎంత సంతోషించేదో అనుకుంటాను.

వైటాగ్రాఫ్‌ని 1925లో వార్నర్ సోదరులు కొనేశారు. బొమ్మకి శబ్దం జతచేసే ప్రయోగాలు వాళ్లు ఆ ఏడే మొదలుపెట్టింది బ్రూక్లిన్‌లోని వైటాగ్రాఫ్ పాత స్టూడియోలోనే. ‘బ్లాక్ బ్యూటీ’ తర్వాత కూడా చాలాసార్లు సినిమాగా వచ్చింది, మాటలతో, రంగులతో. వాటిలో గుర్రం మనసులోని మాట మనిషి గొంతుతో వినిపించినవీ ఉన్నాయి.

కానీ నవల చివరి ఘట్టం మూకీకోసమే రాసిపెట్టినట్టుంటుంది. ముసలిదై, మోకాళ్లు పగిలి, ఒకసారి లండన్ వీధిలో కుప్పకూలి లేచిన బ్యూటీని ముగ్గురు అక్కచెల్లెళ్లు కొనుక్కుంటారు. వాళ్ల గుర్రపుశాల మనిషి మర్నాడు దాన్ని శుభ్రం చేస్తుంటాడు. దానికి ఇతను ఎవరో తెలియదు, ఇతనికి అది ఏ గుర్రమో తెలియదు. మొహం తుడుస్తుంటే నుదుట నక్షత్రం బయటపడుతుంది. చెయ్యి ఆగిపోతుంది. వంగి కాళ్లు చూస్తాడు, ఒకటి తెలుపు. వీపు తడుముతాడు, వేలికింద నాణెమంత తెల్లని మచ్చ. చిన్నప్పుడు తెలియక చన్నీళ్లు పట్టించి, దుప్పటి కప్పడం మరిచి ఈ గుర్రాన్ని చావుదాకా తీసుకెళ్లిన కుర్రాడు, జో గ్రీన్ అతను. గుర్రానికి అప్పటికీ అతను గుర్తురాడు. గడ్డాలూ మీసాలూ వచ్చిన మగవాడయ్యాడు మరి. కానీ అతను తనని గుర్తుపట్టాడని మాత్రం దానికి తెలుస్తుంది. మూతి ఎత్తి అతని దగ్గరగా పెడుతుంది.